వెనక సీటు బరువు

చక్రాలు ముందురోజే వచ్చాయి. నాలుగూ కొత్తవి, టైర్లు ఎక్కించినవి. ట్రక్కు డ్రైవరు వాటిని షెడ్డులోకి దొర్లించి గోడకి ఆనించి వెళ్లిపోయాక, మేడ మీంచి అత్తగారు దిగి వచ్చింది. వాటి వెడల్పు చూసి, "ఇవి కారుకా, రోడ్డు వేసే బండికా?" అంది.

"మీ అబ్బాయి కారుకే అత్తయ్యా."

మామూలుగా అయితే అత్తగారు దానిమీద ఇంకో నాలుగు మాటలు విసిరేది. ఆ రోజు మాత్రం "అలాగా" అని మెట్లెక్కి వెళ్లిపోయింది. మోకాళ్ల నొప్పులేమో అనుకుంది కోడలు.

ఆ కోడల్ని చుట్టుపక్కల అందరూ చక్రాలమ్మ అంటారు. పెళ్లయిన కొత్తలో భర్త వేళాకోళానికి పెట్టిన పేరు అది. ఆయన మర్చిపోయాడు గానీ జనం పట్టుకున్నారు. చక్రాలు, టైర్లు, కారు కింద ఉండే ఇనప సామాను అంతా ఆమె పని. పైన రంగు భర్త పని. ఆయన్ని అందరూ పెయింటర్ అనేవాళ్లు. కింద షెడ్డు, పైన రెండు గదుల ఇల్లు. కారు అక్కడ వదిలేస్తే ఇక కళ్లు మూసుకుని ఇంటికి పోవచ్చని పేరు తెచ్చుకున్నారు ఇద్దరూ.

పెయింటర్ ఇల్లు వదిలి ఏడాది దాటింది. రంగులు సరఫరా చేసే కంపెనీ తరఫున నెలనెలా ఒకావిడ వచ్చేది. డబ్బాల మూతలు తీసి చూపించేది, పెయింటర్‌తో రంగుల ఛాయల గురించి, మెరుపుల గురించి మాట్లాడేది. చక్రాలమ్మే ఆవిడకి టీ ఇచ్చేది. ఒకరోజు పొద్దున పెయింటర్ స్నానం చేసి తల తుడుచుకుంటూ, ఎవరో పరాయివాళ్ల సంగతి చెప్తున్నట్టు, తను ఆవిడతో వెళ్లిపోతున్నానని చెప్పాడు. గొడవేం జరగలేదు. ఒక సంచీడు బట్టలు, కారు తీసుకుని వెళ్లాడు.

అత్తగారు మాత్రం కదల్లేదు. "వెళ్లేవాడు వెళ్తాడు. నేనెందుకు వెళ్లాలి? నా మంచం ఇక్కడుంది" అంది. ఆ తర్వాత కోడలు షెడ్డులో పనిచేస్తుంటే ఆమె పై నుంచి కిటికీలో కూర్చుని కబుర్లు చెప్పేది. కోడలు కారు కింద పడుకుని ఊకొట్టేది. అత్తాకోడళ్లిద్దరూ పెయింటర్ పేరెత్తకుండా రోజులు గడపడం నేర్చుకున్నారు.

ఆ కారు సంగతి కూడా చెప్పాలి. రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. నేలని రాసుకుంటూ పోతున్నట్టుంటుంది. దాన్ని తుక్కు కింద కొన్నారు. చక్రాలమ్మకి రెండోసారి కూడా కడుపు నిలవని ఏడాది అది. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని పెయింటర్, "ఇంక వద్దు. నిన్ను మళ్లీ ఇలా చూడలేను. మనకి మనం చాలు" అన్నాడు. ఆమె ఆ మాట పట్టుకునే లేచి నిలబడింది. ఇంటికొచ్చాక గోడకేసి చూస్తూ కూర్చుంటోందని, చేతులకి పని కల్పించడానికి ఆయన ఎక్కడినుంచో ముక్కు పగిలి, వెనక ఎడమ పక్క నొక్కుకుపోయిన ఆ కారుని లాక్కొచ్చాడు. కింద భాగమంతా ఆమె కొత్తగా కట్టింది. పైన ఆయన ముదురు నీలం వేశాడు. ఎండలో చూస్తే లోపల ఎక్కడో ఊదా రంగు కదులుతుంది. పొర మీద పొర వేసి, ఆరబెట్టి, నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ వేసి. అలాంటి రంగు ఆయన మళ్లీ ఏ కారుకీ వేయలేదు.

అందుకే ఫోన్ చేసినప్పుడు కూడా ఆ రంగు సంగతే ఎత్తాడు. "వెడల్పు చక్రాలు వేద్దామనుకుంటున్నా. బయటికి తీసుకెళ్తే ఫెండర్లు కోసేస్తామంటున్నారు. వేరేవాళ్ల చెయ్యి పడితే రంగు పెచ్చులు లేస్తుంది. నువ్వు చేస్తావా?"

కుదరదు అని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. "ఆదివారం తీసుకురా" అంది. ఫోన్ పెట్టేశాక తనని తాను తిట్టుకుంది.

ఆదివారం పొద్దున్నే వచ్చాడు. హారన్ కొట్టలేదు. కారు లోపలికి తెచ్చి, దిగి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. కొంచెం ఒళ్లు చేశాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది.

"అమ్మ ఎలా ఉంది?"

"పైన ఉంది. చూసిరా."

"తర్వాత వెళ్తాలే" అన్నాడు.

ఆమె జాకీ పెట్టి వెనక చక్రం ఊడదీసింది. కొత్త చక్రం ఎక్కించి చూసింది. లోపలివైపు స్ప్రింగుకి తగలకుండా వేలు పట్టేంత సందు ఉంది. ఇబ్బంది బయటివైపే. చక్రం మీద గొడుగులా వంగి ఉండే రేకుని ఫెండర్ అంటారు. దాని అంచు లోపలికి మడిచి ఉంటుంది. బయటికి కనిపించదు గానీ అది కత్తి. రోడ్డు గుంతలో కారు కిందికి దిగినప్పుడు వెడల్పు టైరు వెళ్లి దానికి తగిలితే, రేకు వంగిపోవడమో టైరు చీరుకుపోవడమో ఖాయం. ఆ మడతని లోపల్లోపలే పైకి నొక్కి చదును చేసేస్తే టైరుకి దారి దొరుకుతుంది. చల్లగా ఉన్నప్పుడు నొక్కితే పైనున్న రంగు పగులుతుంది. వేడి చేసి, రేకు మెత్తబడ్డాక, రోలరుతో కొంచెం కొంచెంగా జరపాలి. తొందరపడితే అంతే సంగతులు.

"నువ్వు వేడి చూడు, నేను రోలరు తిప్పుతా" అంది ఆమె.

ఆయన వేడిగాలి కొట్టే హీట్ గన్ అందుకున్నాడు. అంచు వెంబడి అటూ ఇటూ ఆడిస్తూ, మధ్యమధ్యలో అరచెయ్యి రంగు మీద ఆనించి చూస్తున్నాడు. "ఊఁ" అన్నప్పుడు ఆమె రోలరు లాగుతోంది. "ఆగు" అంటే ఆగుతోంది. చెయ్యి చాపితే ఏ స్పానరు కావాలో అడక్కుండానే ఆయన అందిస్తున్నాడు. ఆ వరస ఇద్దరి చేతుల్లోనూ అలాగే ఉంది. మనుషులు విడిపోయారన్న కబురు చేతులకి ఇంకా అందలేదు.

"లోపల అంచుకి పూసిన సీలు కొంచెం ఊడింది" అన్నాడు ఆయన.

"చూశా. చివర్లో మళ్లీ పూస్తా. లేకపోతే నీళ్లు దిగి తుప్పు పడుతుంది."

"నీ ముక్కుకి గ్రీజు అంటింది."

ఆమె మోచేత్తో తుడుచుకుంది. ఇంకా ఎక్కువ అంటింది. ఆయన నవ్వాడు. ఆమెకీ నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు తన మీద తనకి కోపం వచ్చింది, ఆ కోపం కూడా నిలవలేదు.

నాలుగు చక్రాలూ ఎక్కేసరికి మధ్యాహ్నమైంది. ఫెండర్ల మీద గీత లేదు. వెలుతురుకి అడ్డంగా కళ్లు పెట్టి చూసినా రేకు ఎక్కడా పొంగలేదు. చక్రాలమ్మ టైర్ల బయటి అంచుల మీద చుట్టూ సుద్దముక్కతో దట్టంగా రాసింది. కారు నడిపి తెచ్చాక సుద్ద చెదిరి ఉంటే అక్కడ రేకు తగిలినట్టు. ఇద్దరూ ఎక్కారు. ఆయన నడిపాడు. వీధి చివర స్పీడ్ బ్రేకర్ మీదుగా పోనిచ్చి, మూలమలుపుల్లో స్టీరింగు పూర్తిగా తిప్పి, రాళ్లు లేచిన దారిలో ఓ చుట్టు చుట్టి వచ్చారు. కిటికీలోంచి గాలి వస్తోంది. ఆమె చెవి చక్రాల మీదే పెట్టుకుంది. అయినా, ఇలా ఇంకాసేపు తిరిగితే బాగుండునని ఒక ఆలోచన దొంగలా లోపలికొచ్చి కూర్చుంది.

తిరిగి వచ్చాక వంగి చూసింది. సుద్ద రాసింది రాసినట్టే ఉంది.

"అయిపోయింది" అంది. "కొన్నాళ్లు నడిపాక బోల్టులు ఓసారి బిగించుకో."

ఆయన కదల్లేదు. "వెనక బరువు పెట్టి చూడవా?" అన్నాడు.

"వెనకెందుకు? అది సీటు కాదుగా, పేరుకి ఉందంతే. నువ్వే అనేవాడివి, అక్కడ గొడుగు కూడా ఇరుగ్గా కూర్చుంటుందని."

"అమ్మ కూర్చుంటుంది."

ఆమె సుద్దముక్క పట్టుకుని ఆయన వంక చూసింది. "అత్తయ్య ఎక్కడికి?"

"మాతో వస్తానంది. కొన్నాళ్లు. అంటే... ఉండడానికే." ఆయన నేల వంక చూస్తూ చెప్పాడు. "చెప్పిందేమో అనుకున్నా."

ఆమెకి వెంటనే ఏమీ తట్టలేదు. మనసు ఇంకా పని దగ్గరే ఉంది. "సరే, మరి ఆవిణ్ణి వెనకెందుకు కుక్కడం? ఆ మోకాళ్లతో ఎలా దూరుతుంది? ముందు కూర్చోబెట్టుకో."

"ముందు తను కూర్చుంటుంది. తనిప్పుడు వెనక్కి దూరలేదు."

"ఏం, కాలు విరిగిందా?" అంది చక్రాలమ్మ. నిజంగానే అడిగింది.

"లేదు" అన్నాడు ఆయన.

ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె సుద్దముక్కని జేబులో పెట్టుకోబోయి, పెట్టుకోలేక, బల్ల మీద పెట్టింది. కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది. శుభ్రమయ్యాక కూడా కడుక్కుంటూనే ఉంది.

తలెత్తేసరికి మెట్ల మధ్యలో అత్తగారు ఉంది. గోడ పట్టుకుని నిలబడింది. అంతా విన్నట్టుంది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"చలి మొదలైనప్పుడు ఫోన్ చేశాడు."

ఇప్పుడు ఎండలు ముదిరాయి. అన్నాళ్లూ ఒకే గిన్నెలోంచి తిన్నారు ఇద్దరూ.

"రోజూ చెబుదామనే నోరు తెరిచేదాన్ని" అంది అత్తగారు. "నువ్వేమో 'అత్తయ్యా, మందు వేసుకున్నారా' అంటూ వచ్చేదానివి. ఆ మొహం చూసి మూసుకునేదాన్ని. ఆ పిల్లకి తల్లి లేదు. పురిటికి చూసేవాళ్లు లేరు. నాకు మాత్రం ఎన్నాళ్లుంది చెప్పు. ఒక్కసారి ఎత్తుకుని..." అక్కడ ఆగిపోయింది. ఎవరితో ఏం మాట్లాడుతోందో అప్పుడు గుర్తొచ్చినట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చక్రాలమ్మ కుళాయి కట్టేసింది. ఏమైనా అనడానికి ఆ ముసలావిడ చేసిన తప్పేంటి? మనవడో మనవరాలో కావాలనుకుంది. తనూ అదే కావాలనుకుంది ఒకప్పుడు. మనకి మనం చాలు అన్న మనిషి అక్కడ కారు పక్కన నిలబడి తలుపు పిడి తుడుస్తున్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన అబద్ధం చెప్పి ఉండడు. అదే ఆమెకి ఎక్కువ బాధగా ఉంది. అబద్ధమైతే ఏడ్చి పడేయొచ్చు.

"రండి అత్తయ్యా" అంది చెయ్యి చాపి. "వెనక ఎక్కి చూడండి. మీ బరువుతో చూడాలి."

ముందు సీటు మడిచి, అత్తగారిని లోపలికి పంపడం పెద్ద పనైపోయింది. ఒక కాలు పెడితే ఇంకో కాలు రాదు. తల వంచితే నడుం అడ్డం. "ఇది సీటా, బీరువాలో అరా?" అని గొణిగింది. "నన్ను దుప్పటిలా మడిచి పెట్టండి, సరిపోతుంది." ఎలాగో కూర్చుంది. పెయింటర్ ముందు కూర్చున్నాడు. చక్రాలమ్మ నడిపింది.

స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ఎడమవైపు వెనకాల జర్రుమంటూ చప్పుడైంది.

"అదేంటే?" అంది అత్తగారు.

"మీరే అత్తయ్యా. బరువు పెరిగారు."

"నీ వంటే. వద్దంటే వినవు."

పెయింటర్ నవ్వాడు. ముగ్గురూ నవ్వారు, ఏడాది కిందట నవ్వినట్టే. తర్వాత అద్దంలో చూస్తే అత్తగారు ఏడుస్తోంది. చక్రాలమ్మ అద్దం కొంచెం పక్కకి తిప్పుకుని, మలుపు తీసుకుని షెడ్డుకి వచ్చేసింది.

ఎడమ వెనక టైరు మీద సుద్ద ఒకచోట తుడిచినట్టు పోయింది. ఆ కారుకి దెబ్బ తగిలింది ఒకప్పుడు ఆ పక్కనే. ఎంత సరిచేసినా ఆ వైపు ఫెండర్ వెంట్రుకవాసి లోపలికే ఉంటుంది.

"పర్లేదులే" అన్నాడు పెయింటర్. "ఎప్పుడో గుంతలో పడ్డప్పుడేగా. మెల్లగా నడుపుతా."

"టైరు ఒక్కసారే చీలదు. రోజూ కొంచెం కొంచెం కోసుకుపోయి, ఒకరోజు స్పీడులో ఉండగా పోతుంది. లోపల ఎవరుంటారో తెలుసుగా నీకు." ఆమె గొంతు పెద్దది చేయలేదు. "మళ్లీ జాకీ ఎక్కించు."

ఆయన ఎక్కించాడు. తర్వాత అత్తగారిని పైకి తీసుకెళ్లాడు. షెడ్డులో చక్రాలమ్మ ఒక్కతే మిగిలింది.

రోలరు బిగించింది. పిడి పట్టుకుంది. హీట్ గన్ బల్ల మీద ఉంది. రేకు చల్లగా ఉంది. ఇప్పుడు ఈ పిడిని ఒక్క లాగు లాగితే చాలు, ఆ నీలం మొత్తం చెరువు ఎండినట్టు నెర్రెలిచ్చేస్తుంది. ఆ రంగు ఆయన మళ్లీ కలపలేడు. ఆ డబ్బాలు ఇప్పుడు దొరకవు, కలిపినప్పటి మనిషీ లేడు. పొరపాటున అయిపోయిందంటే నమ్మినా నమ్ముతాడు. నమ్మకపోయినా ఏమీ అనలేడు. పిడి మీద ఆమె వేళ్లు తెల్లబడ్డాయి.

ఎంతసేపలా నిలబడిందో తెలియదు. వెనక అలికిడైంది. పెయింటర్ తల్లిని పైన దిగబెట్టి తిరిగొచ్చాడు. పిడిని చూశాడు, ఆరిపోయి ఉన్న హీట్ గన్‌ని చూశాడు. ఆయనకి అర్థమైంది. అడ్డు రాలేదు. "ఆగు" అనలేదు. గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

ఆమె ఒక చేత్తో హీట్ గన్ తీసి ఆన్ చేసింది.

ఈసారి వేడీ ఆమే చూసుకుంది, రోలరూ ఆమే తిప్పింది. అంచు ఇంక జరగనంతవరకూ జరిపి ఆపేసింది. ఇంకా లాగితే పై రేకు పొంగుతుంది. మిగిలిన ఆ కాస్త సందు కోసం చక్రాన్నే సర్దింది. కింద బోల్టులు వదులు చేసి, చక్రం పైభాగం రవ్వంత లోపలికి వాలేలా బిగించింది. రెండో పక్కదీ అలాగే చేసింది, కారు ఒకవైపు లాగకుండా. ఊడిన చోటల్లా సీలు పూసింది. సాయంత్రం టైర్లకి మళ్లీ సుద్ద రాసి, అత్తగారిని కూర్చోబెట్టుకుని అదే దారిలో వెళ్లి వచ్చారు. సుద్ద చెదరలేదు.

అత్తగారి సామాను ఒక పెట్టె, ఒక మందుల సంచీ. ఎప్పుడు సర్దుకుందో తెలియదు. వెళ్లేముందు కోడలి గడ్డం పట్టుకుని ఏదో అనబోయింది. "మంచం ఉండనీ" అంది చివరికి.

"ఉంటుంది."

పెయింటర్ తలుపు దగ్గర ఆగాడు. "నేను..." అన్నాడు.

"బోల్టులు మర్చిపోకు" అంది ఆమె.

కారు వీధి మలుపు తిరిగేదాకా షెడ్డు బయట నిలబడింది. ఆ తర్వాత రోలరు తుడిచి పెట్టింది, నేల మీద సుద్ద పొడి ఊడ్చింది, షట్టరు దించింది. పైకి వెళ్లి అన్నం పెట్టుకుంది. తినలేక మూత పెట్టేసింది. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. చక్రాలమ్మ కారు కింద పడుకుని పనిలో ఉంది. ఆ కారు ఒక రిటైరైన లెక్కల మాస్టారిది. ఆయన పక్కనే స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఆమె పడుకునే ఫోన్ చెవికి పెట్టుకుంది.

"ఆడపిల్ల" అంది అత్తగారు. "ఇద్దరూ బాగున్నారు."

"మంచిది అత్తయ్యా. మీ మోకాళ్లు?"

"ఉన్నాయి. నువ్వు తింటున్నావా?"

"తింటున్నా."

వెనకాల ఎక్కడో పసిపిల్ల ఏడుపు వినిపించింది. సన్నగా, ఆగి ఆగి. అత్తగారు ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టినట్టుంది, ఏడుపు దూరమైంది. తర్వాత "ఉంటానమ్మా, లేచింది" అని పెట్టేసింది.

చక్రాలమ్మ ఫోన్ గుండెల మీద పెట్టుకుని అలాగే పడుకుంది. స్పానరు అందుకోబోయింది. అది జారి నేల మీద పడింది. అప్పుడు వచ్చింది ఏడుపు. నోరు నొక్కుకున్నా ఆగలేదు. కారు కిందినుంచి ఆమె కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కాళ్లు కదిలిపోతున్నాయి.

మాస్టారు పేపరు దించాడు. దెబ్బ తగిలిందా అని వంగి చూడబోయి, అది దెబ్బ తగిలితే వచ్చే ఏడుపు కాదని గ్రహించి, వంగడం మానేశాడు. లేచి వెళ్లి షట్టరు సగం దించాడు, వీధిలో వాళ్లకి కనబడకుండా. మళ్లీ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"తొందరేం లేదమ్మా" అన్నాడు. "నాకు ఇవాళ వెళ్లాల్సిన చోటేం లేదు."

బయట వాన పెరిగింది. ఆయన పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని, ఆమె బయటికి వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.